వెదకడం, విచారించడం

ప్రశ్నించడం మానవ స్వభావం. ప్రశ్నకు సరైన సమాధానం దొరికేవరకు విశ్రమించకపోవడం విద్యార్థి లక్షణం. ప్రాచీన విద్యావిధానంలో గురువు చెప్పినది వినడంతోనే చదువు ముగిసేది కాదు. విన్నదానిని మననం చేసి, కలిగిన సందేహాన్ని అడిగి, నివృత్తి చేసుకొన్న తరువాతనే అది విద్య అయ్యేది. శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని పెద్దలు చెప్పిన క్రమంలోని అంతరార్థం ఇదే. నేటి విద్యాసంస్థలలో విద్యార్థులకు అప్పగిస్తున్న ప్రాజెక్టు పనికి కూడా ఇదే లక్ష్యం. పాఠశాలలో నేర్చినదానిని వెలుపలి జీవితంతో అనుసంధానించాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. విద్యార్థి తానే సమాచారం సేకరించి, తానే పరిశీలించి, తన మాటలలో నివేదిక వ్రాయాలన్నది ప్రాజెక్టు పనిలోని ఆశయం.

ఆశయం ఉన్నతమైనదే. ఆచరణ దానికి తగినట్లుగా ఉన్నదా అన్నదే ఆలోచించవలసిన విషయం. భారతదేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాలం 1995 ఆగస్టు 15 నుండి అందుబాటులోకి వచ్చింది. తరువాతి దశకంలో చిన్న పట్టణాల వీధులలో సైతం ఇంటర్నెట్ కేంద్రాలు వెలిశాయి. 2016 తరువాత డేటా చౌకగా లభించడంతో అంతర్జాలం సెల్‌ఫోను రూపంలో పల్లెటూరి విద్యార్థి చేతిలోకి కూడా వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన నాటి నుండి, అడిగిన విషయంపై నిమిషంలో వ్యాసం వ్రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు కూడా దానికి తోడయ్యాయి. ఇన్ని సౌకర్యాలు ఒనగూడినప్పుడు విద్యార్థుల పరిశోధనలో లోతు పెరగవలసింది. కాని చాలా సందర్భాలలో పెరిగినది పుటల సంఖ్య మాత్రమే.

గురజాలలో చదువుకొనే ఒక విద్యార్థికి 'పల్నాటి యుద్ధం' అనే అంశంపై ప్రాజెక్టు ఇచ్చారనుకొందాం. అతడు శోధనయంత్రంలో ఆ రెండు మాటలు టైపు చేస్తాడు. క్షణంలో లెక్కకు మించిన పుటలు ప్రత్యక్షమవుతాయి. మొదట కనిపించిన రెండు మూడు పుటలలోని వాక్యాలను యథాతథంగా ఎత్తి వ్రాస్తాడు. కోడిపందెం బొమ్మ ఒకటి, చెన్నకేశవస్వామి ఆలయం బొమ్మ ఒకటి అతికిస్తాడు. రంగుల అట్ట వేసి, స్పైరల్ బైండింగు చేయించి సమర్పిస్తాడు. ఇంతకంటె సులభమైన మార్గం కోరుకొనేవారు జిరాక్సు దుకాణంలో సిద్ధంగా ఉన్న నివేదికనే కొని తెస్తారు. ఆ విద్యార్థి నివసిస్తున్న గురజాల ఒకనాడు నలగామరాజు రాజధాని. మాచర్ల మలిదేవరాజు రాజధాని. యుద్ధం జరిగిన కార్యమపూడి, అనగా నేటి కారెంపూడి, ఉదయం బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాదగిన దూరంలోనే ఉన్నది. అక్కడ నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉన్నది. ఏటా కార్తిక అమావాస్య నాడు మొదలై ఐదు రోజులపాటు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో వీరారాధనోత్సవాలు జరుగుతాయి. వీరవిద్యావంతులు వీరగాథను గానం చేస్తారు. ఇంతటి సజీవ సాక్ష్యాన్ని సమీపంలో ఉంచుకొని, ఎవరు వ్రాశారో తెలియని నాలుగు వాక్యాలకోసం తెరపై వెదకడం చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదకినట్లు కాదా?

అట్లని అంతర్జాలాన్ని నిందించడం న్యాయం కాదు. అది పల్నాటి వంటి ప్రాంతపు విద్యార్థికి చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఒకప్పుడు పల్నాటి చరిత్రను గురించి పాత గ్రంథం ఒకటి చూడవలెనంటే గుంటూరుకో, హైదరాబాదుకో, మద్రాసుకో ప్రయాణం కట్టవలసి వచ్చేది. అక్కడికి వెళ్ళినా గ్రంథాలయాధికారి దయ ఉంటేనే పుస్తకం చేతికి వచ్చేది. గోర్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ వంటి గ్రంథాలను నేడు మాచర్లలోని విద్యార్థి ఇంటివద్దనే చదువుకోవచ్చు. ఆనాడు పల్నాడు ఆ జిల్లాలో అంతర్భాగం. తెలుగు శబ్దానికి అర్థం తెలియనప్పుడు బ్రౌను నిఘంటువును తెరపైనే తెరవవచ్చు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ఎందరో ఔత్సాహికుల నిస్స్వార్థ కృషితో పెరిగింది. పేద విద్యార్థికి, సంపన్న విద్యార్థికి ఒకే గ్రంథాలయం తలుపు తెరచుకొనడం విద్యాచరిత్రలో గొప్ప మార్పు. కనుక దోషం గ్రంథాలయంలో లేదు. అందులోకి వెళ్ళినవాడు ఏమి తెచ్చుకొంటున్నాడు, తెచ్చినదానిని ఏ విధంగా పరీక్షిస్తున్నాడు అన్నదే ప్రశ్న.

ఈ పరీక్షా విధానం తెలుగువారికి కొత్తది కాదు. అచ్చుయంత్రం రాక ముందు గ్రంథాలన్నీ తాళపత్రాలపై లేఖకుల చేతివ్రాతలో ఉండేవి. ఒక ప్రతిని చూచి మరొక ప్రతి, దానిని చూచి ఇంకొక ప్రతి వ్రాసేవారు. వ్రాసే క్రమంలో అక్షరం జారిపోవచ్చు. పద్యపాదం మారిపోవచ్చు. లేఖకునికి అర్థం కాని మాట స్థానంలో అతనికి తెలిసిన మాట వచ్చి చేరవచ్చు. ఆ తరువాత ఆ ప్రతిని చూచి వ్రాసినవారందరూ ఆ తప్పునే భక్తితో వ్రాస్తారు. అందువల్లనే, తాను చూచినట్లు వ్రాశానని, తప్పులుంటే పండితులు దిద్దుకోవలెనని లేఖకుడు గ్రంథం చివర విన్నవించుకొనే సంప్రదాయం ఏర్పడినది. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు కావ్యాల వ్రాతప్రతులను వెదకి తెప్పించి, పండితులచేత సరిపోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. గ్రంథ పరిష్కర్తలు పాటించే సూత్రం ఒకటి ఉన్నది. ఒకే మాతృక నుండి పుట్టిన పది ప్రతులలో ఒకే పాఠం కనిపిస్తే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యమే. వేరు మాతృక నుండి వచ్చిన ప్రతి ఒక్కటి దొరికినా దాని విలువ అధికం.

అంతర్జాలంలోని పుటలకు ఈ సూత్రం అక్షరాలా వర్తిస్తుంది. ఒక పుటలోని వాక్యాన్ని మరొకరు ఎత్తుకొంటారు, దానిని ఇంకొకరు. ఇరవై చోట్ల అదే మాట చూచిన విద్యార్థి అది నిస్సందేహంగా నిజమని తలపోస్తాడు. వాటన్నిటికీ మాతృక ఒక్కటే కావచ్చునని, ఆ మాతృకకే ఆధారం లేకపోవచ్చునని అతనికి తోచదు. తాళపత్ర లేఖకుడు తన పనిలో తప్పులుండవచ్చునని వినయంగా ఒప్పుకొన్నాడు. నేటి పుటలలో ఆ వినయం అరుదు. కనుక విద్యార్థియే పరిష్కర్త కావలసి ఉన్నది.

పల్నాటి యుద్ధం విషయమే తీసుకొందాం. అది 1182లో జరిగిందని కొందరు వ్రాస్తారు. 1176 నుండి 1182 వరకు అని మరికొందరు వ్రాస్తారు. నాయకురాలు నాగమ్మ దేశంలోనే తొలి మహిళామంత్రి అనే వాక్యం ఎన్నోచోట్ల కనిపిస్తుంది. నాగమ్మ ప్రజ్ఞను ఎవరూ కాదనరు. కాని 'తొలి' అని నిర్ణయించవలెనంటే అంతకు ముందటి రాజ్యాలన్నింటి చరిత్ర తెలిసి ఉండాలి. ఆ లెక్క ఎవరు చూశారు, ఎక్కడ వ్రాశారు అని అడిగితే ఆ వాక్యాన్ని ఎత్తి వ్రాసినవారు సమాధానం చెప్పలేరు. ఆ ప్రశ్న అడగడం నాగమ్మను తక్కువ చేయడం కాదు. ఆధారం లేని కీర్తి ఎవరికీ గౌరవం కాదు.

ఆధారాల స్వరూపం తెలిసినప్పుడే ఇటువంటి ప్రశ్నలు పుడతాయి. ఆ యుద్ధం 12వ శతాబ్దికి చెందినది. దానిని వర్ణించే ద్విపద కావ్యం 'పల్నాటి వీరచరిత్ర' శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమైనది. శ్రీనాథుడు జీవించినది 14, 15 శతాబ్దులలో. అనగా యుద్ధానికి, కవికి మధ్య రెండు శతాబ్దులకు పైగా ఎడమున్నది. ఆ కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. గాయకుల నోట నిలిచిన కథ దీనికి వేరైన మరొక పాయ. అమెరికన్ పండితుడు జీన్ రోఘైర్ అలిశెట్టి గాలెయ్య గానం చేసిన వీరుల కథను ఆంగ్లంలోకి అనువదించి, దానిపై చేసిన పరిశీలనతో 1982లో ఆక్స్‌ఫర్డు నుండి గ్రంథంగా వెలువరించాడు. సముద్రాల అవతలి నుండి వచ్చినవాడు పల్నాటి గాయకుని నోటి మాటకు ఇచ్చిన విలువను పల్నాటి విద్యార్థి ఇవ్వలేడా? ఇక 1947లోను, 1966లోను 'పల్నాటి యుద్ధం' పేరుతో వచ్చిన చలనచిత్రాలు ప్రజల ఊహలో ఆ వీరులకు రూపం కల్పించాయి. కావ్యం, జానపద గాథ, ఉత్సవం, చలనచిత్రం అనే నాలుగింటికీ దేని విలువ దానికున్నది. కాని నాలుగూ ఒకే రకమైన సాక్ష్యం కావు. చిత్రంలోని సంభాషణను చరిత్రగా, గాథలోని అద్భుతాన్ని యథార్థంగా కలిపి వ్రాసిన నివేదిక ఎంత అందంగా ఉన్నా పరిశోధన కాదు. ఏ మాట ఎక్కడి నుండి వచ్చిందో విడదీసి చూపగలిగిన విద్యార్థి, యుద్ధం జరిగిన సంవత్సరాన్ని తేల్చలేకపోయినా, నిజమైన పరిశోధన చేసినవాడే.

సాక్షి ఎవరో తెలుసుకొన్న తరువాత, ఆ సాక్షి ఎవరి పక్షాన నిలిచి మాట్లాడుతున్నాడో కూడా గమనించాలి. 1921–22 నాటి పల్నాటి అటవీ సత్యాగ్రహం ఇందుకు తగిన ఉదాహరణ. అడవిలో పశువులను మేపుకొనేందుకు ప్రభుత్వం విధించిన పుల్లరిని ప్రజలు ప్రతిఘటించారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులలో 1922లో అమరుడయ్యాడు. ఇటువంటి ఘటనలో ప్రభుత్వం దృష్టిలో తప్పు జనానిదే అవుతుంది. జనం పాటలోను, ఊరి పెద్దల జ్ఞాపకంలోను ఆ మరణించినవాడు వీరుడు. తేదీకి, సంఖ్యకు ప్రభుత్వపత్రం ఉపకరించవచ్చు. ఆనాటి రైతు ఎందుకు తెగించాడో తెలియవలెనంటే జనం మాట వినాలి. రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివే అలవాటు ఇంటర్మీడియట్ వయస్సులోనే అలవడితే, రేపు ఏ వార్తాపత్రిక చదివినా, ఏ ప్రసంగం విన్నా ఆ విద్యార్థి మోసపోడు.

కంటి ఎదుట ఉన్నదానిని గమనించడం ఎంత గొప్ప ఫలితాన్నివ్వగలదో నాగార్జునకొండ చరిత్ర తెలుపుతుంది. మాచర్లకు సమీపంలోని ఆ లోయలో ఒక పురాతన శిలాస్తంభాన్ని 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు గమనించి ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసనపరిశోధన శాఖలో తెలుగు సహాయకునిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి ఆ స్థలాన్ని పరిశీలించాడు. ఆ తరువాత లాంగ్‌హర్స్టు నేతృత్వంలో త్రవ్వకాలు సాగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అక్కడి బౌద్ధ స్తూపాలు, విహారాలు, ప్రాకృత శాసనాలు లోకానికి తెలిసివచ్చాయి. నాగార్జునసాగర్ నిర్మాణం వల్ల లోయ మునిగిపోనున్నదని తెలిసినప్పుడు, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం పర్యవేక్షణలో విస్తృతమైన త్రవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదను, అనుపు వద్దను తిరిగి నిలబెట్టారు. ఆ ఉపాధ్యాయునికి శోధనయంత్రం లేదు. పశువులకాపరులు, బాటసారులు అంతకు ముందు ఎందరో ఆ రాళ్ళను చూచి ఉంటారు. అతడు చూచి ఊరుకోలేదు, ఇది ఏమిటని అడిగాడు. వెదకడానికీ విచారించడానికీ మధ్య భేదం అదే. వెదకడం యంత్రం కూడా చేస్తుంది. విచారించడం మనిషి చేయవలసిన పని.

ఊరూరా తిరిగి అడిగి వ్రాసుకొనే పద్ధతికి తెలుగునాట దీర్ఘమైన చరిత్ర ఉన్నది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీ, అంతకు ముందు నుండే కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయంతో గ్రామ చరిత్రలను సేకరింపజేశాడు. కరణాలను, వృద్ధులను, ఆలయ అర్చకులను అడిగి వ్రాయించిన ఆ వివరాలే కైఫీయత్తులు. ఆనాడు వాటిని వ్రాసుకొనకపోతే ఎన్నో గ్రామాల గత చరిత్ర ఆ వృద్ధులతోనే అంతరించి ఉండేది. నేటి విద్యార్థి చేతిలోని సెల్‌ఫోనులో ధ్వనిని భద్రపరచవచ్చు, శిలాశాసనాన్ని ఫొటో తీయవచ్చు. కావలి సోదరులకు లేని సాధనం అతనికున్నది. కాని ఆ సాధనాన్ని ఇతరులు వ్రాసినది తెచ్చుకొనడానికే వాడుతున్నాడు, తన ఊరిలో ఉన్నదానిని వ్రాసుకొనడానికి వాడడం లేదు. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలలో పనివారు వాడే మాటలు, ఒక ఊరి పొలాలకు, బావులకు, దిబ్బలకు ఉన్న పేర్లు, సాగర్ కాలువ రాక ముందు మెట్టపొలాలలో పండించిన పంటలు, లోయ మునిగినప్పుడు ఇల్లు విడిచి వచ్చినవారి అనుభవాలు ఏ మేరకు అంతర్జాలంలో ఉన్నాయి? వాటిని చెప్పగలిగినవారు వృద్ధులు. వారు ఉన్నప్పుడే అడగాలి.

సేకరించినదానికి ఋణం చెప్పుకొనడం పరిశోధనలో మరొక ధర్మం. తెలుగు కవులు కావ్యారంభంలో పూర్వకవులను స్తుతించడం కేవలం మర్యాదకోసం కాదు. తమకంటె ముందు నడచినవారి బాటలో నడుస్తున్నామని లోకం ఎదుట అంగీకరించడం అది. ఆంధ్రమహాభారత రచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టును నన్నయ అవతారికలోనే స్మరించాడు. ఆదికవికి లేని సంకోచం విద్యార్థికెందుకు? ఒక పుట నుండి విషయం గ్రహించినప్పుడు ఆ పుట పేరు, రచయిత పేరు, చూచిన తేదీ వ్రాయాలి. వాక్యాన్ని ఉన్నదున్నట్లుగా తీసుకొంటే ఉద్ధరణ చిహ్నాల మధ్య చూపాలి. పెద్దవారిని అడిగి తెలుసుకొంటే వారి అనుమతితో ఆ సంగతి పేర్కొనాలి. పరుల వాక్యాలను తనవిగా ప్రకటించుకొనడాన్ని పూర్వులు గ్రంథచౌర్యమన్నారు. మీట నొక్కినంత సులభమైనంత మాత్రాన దాని పేరు మారదు.

కృత్రిమ మేధ విషయంలో జాగ్రత్త మరింత అవసరం. అది వ్రాసే వాక్యాలు ధారాళంగా ఉంటాయి. తప్పు చెప్పినప్పుడు కూడా ఆ ధార తగ్గదు. లేని గ్రంథాన్ని ఉన్నట్లుగా పేర్కొన్న సందర్భాలు కూడా ఉన్నాయి. తెలియని పదానికి అర్థం అడగడానికి, కఠినమైన ఆంగ్ల వ్యాసాన్ని తెలుగులో గ్రహించడానికి అది సహాయపడగలదు. కాని అది కారెంపూడికి వెళ్ళినది కాదు, ఏ గాయకుని పాటా విన్నది కాదు. సాక్ష్యం కానిదానిని సాక్షిగా నిలబెట్టకూడదు.

ఈ మాటలన్నీ చెప్పడానికి బాగుంటాయి కాని, విద్యార్థికి తీరిక ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. ఆ ఆక్షేపణలో నిజం ఉన్నది. ఉదయం నుండి రాత్రి వరకు తరగతులు, స్టడీ అవర్లు, ప్రవేశపరీక్షల శిక్షణ అనే ఒత్తిడిలో ఉన్నవానికి ప్రాజెక్టు అదనపు భారంగా తోస్తుంది. సొంత ఫోను లేని విద్యార్థి, ఒంటరిగా పొరుగూరికి వెళ్ళడానికి ఇంట్లో అనుమతి లేని విద్యార్థిని ఎదుర్కొనే ఇబ్బందులు కూడా నిజమే. అందువల్ల ఈ లోపాన్ని విద్యార్థుల సోమరితనంగా మాత్రమే చూడడం పొరపాటు. ప్రశ్న అడిగే పద్ధతిలో కూడా మార్పు రావాలి. 'పల్నాటి యుద్ధం గురించి వ్రాయండి' అని అడిగితే కాపీ చేయకుండా ఉండగలవారు అరుదు. 'మీ ఊరిలో పల్నాటి వీరులను గురించి పెద్దలు చెప్పే ఒక కథను వ్రాసి, అది పుస్తకంలోని కథతో ఎక్కడ విభేదిస్తున్నదో చూపండి' అని అడిగితే ఎక్కడి నుండి కాపీ చేయగలరు? దానికి పొరుగూరు వెళ్ళనక్కరలేదు, ఫోనూ అక్కరలేదు. ఇంట్లోని నాయనమ్మ, తాతయ్య చాలు. నలభై పుటల రంగుల నివేదిక కంటె స్వయంగా సేకరించిన నాలుగు పుటలకు ఎక్కువ మార్కులు వేసే అధ్యాపకుడు ఒక్కడున్నా ఆ తరగతి మారుతుంది. 'ఈ విషయం ఎంత విచారించినా తేలలేదు' అని నిజాయతీగా వ్రాసిన వాక్యానికి కూడా మార్కు ఉండాలి.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. పేరు ప్రాచీనం, జిల్లా నూతనం. ఈ జిల్లాను గురించి తెలుసుకొనగోరేవారు ఏ దేశంలో ఉన్నా ముందుగా చూసేది అంతర్జాలాన్నే. అక్కడ వారికి కనిపించేది, ఎవరో ఒకరు శ్రద్ధతోనో అశ్రద్ధతోనో వ్రాసిపెట్టినది. పల్నాటి విద్యార్థులు కాపీ చేయడంతో సరిపెట్టుకొంటే, ఆ పుటలలోని పొరపాట్లే మరికొన్ని చేతులు మారి, కొన్నాళ్ళకు వారి పిల్లలకు సొంత చరిత్రగా తిరిగి వస్తాయి. వారే ఊరి శాసనాన్ని చదివించుకొని, గాయకుని పాటను భద్రపరచి, పెద్దల మాటను ఆధారంతో సహా వ్రాసి ఉంచితే, రేపటి పరిశోధకుడు వారి నివేదికనే మాతృకగా స్వీకరిస్తాడు. ప్రాజెక్టుకు వచ్చే మార్కులు ఆ సంవత్సరంతో తీరిపోతాయి. ఆ నివేదిక మాత్రం ఒక ఊరికి ఆధారంగా నిలుస్తుంది.